అరచేతులు చూపేదాకా

జూన్ 3, మంగళవారం

అరవై ఎనిమిదేళ్ల వయసులో పడటం నేర్చుకుంటున్నాను. పడటం ఎవరికి రాదు, అందులో నేర్చుకునేదేముంది అని నేనూ అనుకున్నాను. అది కూడా నాకు చేతకాదని మొదటి రోజే తేలిపోయింది.

ఆత్మరక్షణ నేర్పే హాలు టైర్ల షాపు పైన ఉంది. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన. గోడ నుంచి గోడ దాకా మ్యాట్‌లు. ఎక్కడా అతుకు కనపడదు, గోరు దూర్చడానికి సందు లేదు. నలభై ఏళ్లు సెలూన్ నడిపినవాణ్ణి, నీటుగా చేసిన పని కంటపడితే కాసేపు ఆగి చూడటం అలవాటు. కానీ ఈ మ్యాట్‌లు పరిచింది మా అల్లుడు. అందుకని ఆగలేదు. తొక్కుకుంటూ వెళ్లాను.

మాస్టరమ్మకి యాభై ఉంటాయి. పొట్టి మనిషి, గొంతు పెంచదు. ఈ వయసులో ఎందుకొచ్చారు పెద్దాయనా అని అడిగింది. తల తిరుగుతోంది, పడిపోతానేమోనని భయం, డాక్టరు చెప్పాడు అన్నాను. ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, సరే, అయితే పడటంతోనే మొదలుపెడదాం అంది. అబద్ధమని తెలిసే అన్నట్టుంది.

అసలు కారణం ఇక్కడ రాసుకుంటాను. ఇది ఎవరూ చదవరు కదా. నాకు మా అల్లుణ్ణి కొట్టాలని ఉంది.

జూన్ 5, గురువారం

ఒళ్లు నాది కాదు. పెన్ను కూడా బరువుగా ఉంది.

జూన్ 14, శనివారం

అమ్మాయి ఒక్క బ్యాగుతో ఇంటికొచ్చి నెల దాటింది. అల్లుడు వీధి చివర కరెంటు స్తంభం దగ్గర నిలబడటం మొదలుపెట్టి కూడా అంతే అయింది. పొద్దున పనికి వెళ్లేముందు కాసేపు, సాయంత్రం తిరిగొచ్చాక కాసేపు. రాడు, పిలవడు, సిగరెట్ కాల్చడు, ఫోన్ చూడడు. నిలబడతాడు, అంతే. పక్కింటివాళ్లు మొదట్లో బస్సు కోసం అనుకున్నారట. ఆ వీధిలో బస్సు రాదు.

అతని పని నేల పరచడం. లినోలియం, కార్పెట్, మ్యాట్, ఏదైనా సరే. ముక్కు వంపు తిరిగిన మడత కత్తి ఒకటుంటుంది, దానితో స్కేలు పెట్టకుండా గీత గీసినట్టు కోస్తాడు. అందుకే పనివాళ్లందరూ అతన్ని స్కేలు అంటారు. హాలుకు మ్యాట్‌లు వేయడానికి వచ్చి, నాకూ నేర్పండి అని అక్కడే రెండేళ్లు ఉండిపోయాడు. కింద టైర్ల షాపులో బిల్లులు రాసేది మా అమ్మాయి. మెట్ల మీద ఎదురుపడ్డారు. మిగతాది అందరి ఇళ్లలోనూ జరిగేదే.

చెయ్యి చేసుకున్నాడా అని అడిగాను. లేదు నాన్నా అంది. మరి? ఎదురు చెప్పిన రోజు ఏదో ఒకటి కోసేవాడట. మొదట హ్యాండ్‌బ్యాగ్ పట్టీ. తర్వాత చెప్పులు. తర్వాత పరుపు, ఆమె పడుకునే వైపు, తల నుంచి కాళ్ల దాకా ఒకే గీత. కోపంగా కోసేవాడా అని అడిగాను. కోపంగా అయితే గీత వంకర పోయేది కదా నాన్నా అంది.



జూన్ 27, శుక్రవారం

నా గడ్డం గీసే కత్తి బయటికి తీశాను. సెలూన్ ఎత్తేసిన రోజు గుడ్డలో చుట్టి పెట్టింది. తోలు పట్టీ మీద నూరాను. చెయ్యి మర్చిపోలేదు. మనిషికి జ్ఞాపకశక్తి తలలో ఉంటుందని పేపర్లలో రాస్తారు. నా చదువంతా సెలూన్‌కి వచ్చే పేపర్లలోనే, కాబట్టి వాటిని తిట్టను. కానీ ఆ సంగతి రాసినవాడు ఎప్పుడూ కత్తి నూరి ఉండడు.

ఒక బ్యాంకు మేనేజరు ఉండేవాడు. కుర్చీలో కూర్చోగానే నిద్రపోయేవాడు. కత్తి గొంతు మీదికి వచ్చేసరికి గురక. ఇంట్లో నిద్ర పట్టదోయ్, నీ దగ్గరే పడుతుంది అనేవాడు. ఆ రోజుల్లో నాకు కోపం రాలేదని కాదు. నా చేతికి రానిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు చేతికి కూడా వచ్చింది.

కత్తి బ్యాగులో వేసుకుని హాలుకు వెళ్తున్నాను. రోజూ.

జూలై 2, బుధవారం

మాస్టరమ్మ బ్యాగు చూసింది. టవల్ తీస్తుంటే కత్తి జారి మ్యాట్ మీద పడింది. అందరూ చూశారు. బస్సు కండక్టర్ ఒకతను ఉన్నాడు, నాకు జోడీ, నోటి దురద మనిషి. తాతగారు మనందరికీ గడ్డాలు గీసి పంపేట్టున్నారు, టికెట్ ఎంతో అన్నాడు. నవ్వారు.

మాస్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. కత్తి నా చేతికే ఇచ్చి, చెప్పులు పెట్టే అరల్లో పై అర ఖాళీగా ఉంది పెద్దాయనా, అక్కడ పెట్టండి, వెళ్లేటప్పుడు మర్చిపోకుండా తీసుకెళ్లండి అంది. అంతే. ఎందుకు, ఎవరి కోసం, ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి మంచి అబద్ధం సిద్ధం చేసుకున్నాను. దండగైంది.

జూలై 19, శనివారం

పడటం వచ్చింది. కత్తి మొదలైంది. చెక్క కత్తి.

పద్ధతి ఇది. కండక్టర్ పొడవడానికి వస్తాడు. నేను పక్కకు తప్పుకుని, మణికట్టు పట్టి తిప్పి, కత్తి తీసుకోవాలి. తీసుకున్నాక పిడి అతని వైపు తిప్పి, రెండు చేతులతో, తల వంచి తిరిగి ఇచ్చేయాలి. అతనూ తల వంచి అందుకోవాలి. అందుకున్నాక రెండడుగులు వెనక్కి వేసి నిలబడాలి. నేను సిద్ధపడ్డాక రెండు అరచేతులూ ముందుకు చాచి చూపిస్తాను. అప్పుడే అతను కదలాలి. చూపించేదాకా కత్తి ఉన్నవాడు కదలకూడదు. ఎంతసేపైనా సరే.

ఇదేం పద్ధతి, నిజంగా పొడిచేవాడు అరచేతుల కోసం ఆగుతాడా అని కండక్టర్ అడిగాడు. మా బస్సులో జేబులు కోసేవాడు కూడా ముందు పర్మిషన్ అడిగితే బాగుండు మేడమ్ అన్నాడు. మాస్టరమ్మ చెప్పింది, ఇందులో చేతులు ఖాళీగా ఉన్నవాడు నేర్చుకునేది కొంచెమే, కత్తి ఉన్నవాడు నేర్చుకునేదే ఎక్కువ అని.

మొదటి వారం నేను కత్తి లాక్కుని ఇచ్చేటప్పుడు విసురుగా ఇచ్చేవాణ్ణి. కండక్టర్ బొటనవేలు వాచింది. ఇప్పుడు కాస్త మర్యాద వచ్చింది. పద్ధతి చేతికి ఎక్కుతోంది. ఇంకొకటి కూడా గమనించాను. ఇంటికెళ్లే దారిలో స్తంభం దాటేటప్పుడు ఇదివరకు చెవులు వేడెక్కేవి. ఇవాళ అతన్ని దాటి నాలుగిళ్లు వెళ్లాక గానీ అతను గుర్తు రాలేదు.

ఇది నాకు నచ్చలేదు. నేను దీని కోసం రాలేదు.

జూలై 30, బుధవారం

పొద్దున తలుపు తీస్తే గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా రెండు ముక్కలు. సరిగ్గా మధ్యకి. అంచు దగ్గర ఒక్క పోగు కూడా లేచి లేదు. అమ్మాయి చూసి, అదే చెయ్యి అంది. రెండు ముక్కలూ పక్కపక్కన సర్దిపెట్టి షాపుకు వెళ్లింది.

ఆగస్టు 6, బుధవారం

ఇవాళ మాస్టరమ్మకి నిజం చెప్పేశాను. మా అల్లుడు స్కేలు అని. తెలుసు అంది. మొదటి రోజు నుంచీ తెలుసట. మీరు మ్యాట్ తొక్కిన తీరు చూస్తేనే తెలిసింది పెద్దాయనా, ఎవరి మొహమో తొక్కుతున్నట్టు తొక్కారు అంది.

అతను ఎలా నేర్చుకునేవాడని అడిగాను. చెప్పింది. పట్లు పట్టడంలో మామూలేనట. కింద పడితే మొహం మాడ్చుకునేవాడట. కానీ కత్తి పట్టుకుని ఆగడంలో మాత్రం అతన్ని మించినవాడు హాలుకు రాలేదట. అవతలివాడు అరచేతులు చూపించకుండా ఏడిపిస్తే మిగతావాళ్లు విసుక్కునేవాళ్లు, నవ్వేవాళ్లు. అతను రెప్ప వేసేవాడు కాదట. ఒకసారి కండక్టర్ పంతానికి పోయి క్లాసు అయిపోయేదాకా చూపించకపోతే, అందరూ బట్టలు మార్చుకుని వచ్చేసరికి కూడా అలాగే ఉన్నాడట.

నేను అది చూసి సంతోషపడ్డాను పెద్దాయనా, ఆగడం వస్తే శాంతం వచ్చినట్టే అనుకున్నాను అంది. ఆ రెండూ ఒకటి కావని నాకు ఆలస్యంగా తెలిసింది అంది.

ఇంటికి వస్తూ స్తంభం దగ్గర అతన్ని సరిగ్గా చూశాను. కాళ్లు కొంచెం ఎడంగా. భుజాలు వదులుగా. కుడి చెయ్యి జేబులో. నాకు తెలిసిన నిలబడటమే అది. రోజూ కండక్టర్ నా ముందు అలాగే నిలబడతాడు.

ఆగస్టు 9, శనివారం

అమ్మాయి కూడా హాలుకు వస్తానంది. షాపు మూసి మెట్లెక్కితే చాలు కదా అంది. మాస్టరమ్మ చేర్చుకుంది. ముందు పడటం, తర్వాతే మిగతావి. కూతురు పడుతుంటే పక్కన నిలబడి చూడటం ఏ తండ్రికీ వద్దు.

ఆగస్టు 28, గురువారం

గడ్డం కత్తి హాల్లోనే మర్చిపోయాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ముందు గది కిటికీ కర్టెన్ నిలువునా కోసి ఉంది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి కోశాడు. మేం పక్క గదిలో భోంచేస్తున్నాం. చప్పుడు లేదు.

రేపు కత్తి తెచ్చుకోవాలి.

సెప్టెంబర్ 10, బుధవారం

అరలో ఉంది. చూశాను. దాని పక్కన చెప్పులు పెట్టాను, క్లాసు అయ్యాక చెప్పులు తీసుకున్నాను. కత్తి తీసుకోలేదు. ఎందుకో తెలియదు.

సెప్టెంబర్ 11, గురువారం, సాయంత్రం ఆరు

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. ముసలివాడి జ్ఞాపకం రేపటికి కథ అయిపోతుంది.

ఇవాళ అమ్మాయికి సెలవు. మధ్యాహ్నం తలుపు తట్టారు. మంచినీళ్ల క్యాన్ అతను అనుకుని తీశాను. స్కేలు. పనిబట్టల్లోనే ఉన్నాడు, మోకాళ్ల మీద జిగురు మరకలు. పక్కకు జరగండి మామయ్యా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మీతో నాకు గొడవ లేదు అన్నాడు. ఇంటికెళ్లు బాబూ అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది, గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాడితో మాట్లాడినట్టుంది.

అమ్మాయి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. బయల్దేరు అన్నాడు. రాను అంది. అతను మళ్లీ అడగలేదు. జేబులోంచి చెయ్యి తీశాడు. కత్తి తెరిచే ఉంది. నా పక్క నుంచి ఆమె వైపు వెళ్లబోయాడు.

తర్వాతది నేను చేశానని చెప్పలేను. నా కాలు పక్కకు వెళ్లింది. నా చేతులు అతని మణికట్టు పట్టుకుని తిప్పాయి. అతను మోకాళ్ల మీద పడ్డాడు. కత్తి నా చేతిలో ఉంది.

అతని మెడ నా ముందు ఉంది. సెలూన్‌లో ఏ ఎత్తున ఉంటుందో సరిగ్గా ఆ ఎత్తున. నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. నాలుగు నెలలుగా నేను కోరుకున్నది ఇదే. పడుకునే ముందు రోజూ కళ్ల ముందు చూసుకున్నది ఇదే.

నా చెయ్యి పిడి అతని వైపు తిప్పింది. రెండు చేతులతో, తల వంచి, కత్తి అతనికి తిరిగి ఇచ్చేశాను.

ప్రాక్టీస్. రోజూ చేసే ప్రాక్టీస్. అంతకన్నా ఏం చెప్పను.

వెనక నుంచి అమ్మాయి నాన్నా అంది. కేక కాదు. పాలు పొంగితే అన్నట్టు అంది.

స్కేలు లేచాడు. తల వంచాడు. కత్తి అందుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. కాళ్లు ఎడంగా, భుజాలు వదులుగా. నా చేతుల వైపు చూస్తున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. అరచేతులు తొడలకేసి నొక్కి పెట్టుకున్నాను. నొక్కి, ఊపిరి వదిలాను. వంటింట్లో కొళాయి కారుతోంది. వాషర్ మార్చాలి, ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. ఆ సమయంలో నా తలలో ఉన్నది అదే. వాషరు. జీవితంలో ఎన్నడూ అంత నెమ్మదిగా లేను. ఎదురుగా కత్తి, వెనక కూతురు, మధ్యలో నేను, ఇన్నాళ్లూ ఆ బ్యాంకు మేనేజరు నా కుర్చీలో ఎలా నిద్రపోయాడో ఇవాళ తెలిసింది.

ఎంతసేపో తెలియదు. కిటికీ ఎండ కుర్చీ మీద నుంచి గోడ మీదికి వెళ్లింది. అతని చెంప మీద చెమట కారింది. తుడుచుకోలేదు.

బయట మంచినీళ్ల క్యాన్ అతను నిజంగానే వచ్చి బెల్ కొట్టాడు. స్కేలు రెప్ప వేశాడు. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇది ఇంకా అవలేదు మామయ్యా అన్నాడు. వెళ్లిపోయాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

స్టేషన్‌కి వెళ్లాం. రాసుకునే పోలీసాయన చక్కగా రాసుకుంటూ వచ్చాడు. కత్తి లాక్కున్నాను అనేదాకా వచ్చి, ఈ వయసులో భలే పని చేశారు పెద్దాయనా అన్నాడు. తర్వాత? అన్నాడు. తర్వాత తిరిగి ఇచ్చేశాను అన్నాను. పెన్ను పక్కన పెట్టేశాడు. ఇచ్చేశారా అన్నాడు. ఇచ్చేశాను అన్నాను. ఎవరికి అన్నాడు. పక్క టేబుల్ ఆయన్ని కూడా పిలిచి మళ్లీ చెప్పించాడు.

అతన్ని పిలిచి కూర్చోబెట్టారట. ఎవరికీ గీత కూడా పడలేదు, కత్తి అతని పనిముట్టు, పైగా మీరే ఇచ్చారంటున్నారు అన్నారు. హెచ్చరించి, సంతకం తీసుకుని వదిలేశారు.

సెప్టెంబర్ 23, మంగళవారం

జరిగింది విన్నప్పటి నుంచి మాస్టరమ్మ హాలు తెరవలేదు. ఇవాళ తెరిచింది. అందరినీ నిలబెట్టి చెప్పింది, ఇన్నేళ్లూ తప్పు నేర్పాను అని. ఇక నుంచి కత్తి తిరిగి ఇవ్వడం లేదు. తీసుకోగానే దూరంగా విసిరేయాలి, మూల దాకా. అరచేతులు చూపడం మాత్రం ఉంటుంది.

క్లాసు అయ్యాక ఆవిడ దగ్గర కూర్చున్నాను. మీరు తప్పు నేర్పలేదమ్మా అన్నాను. అతని మెడ గురించి చెప్పాను. ఆ కత్తి ఇంకొక్క క్షణం నా చేతిలో ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు అన్నాను. నేను ఆలోచించేలోపే నా చేతులు దాన్ని వదిలించుకున్నాయి. నాకు లేని మంచితనం నా చేతులకి వచ్చింది, అది మీరు పెట్టిందే అన్నాను.

ఆవిడ మ్యాట్ మీద వేలితో రాస్తూ కూర్చుంది. అతనికీ నేనే పెట్టాను పెద్దాయనా అంది. మీకు ఇవ్వడం వచ్చింది, అతనికి ఆగడం వచ్చింది. ఆగినవాడు ఎప్పుడో ఒకప్పుడు కదులుతాడు కదా అంది.

నా గడ్డం కత్తి ఆవిడకే ఇచ్చేశాను. పిడి ఆవిడ వైపు తిప్పి.

అక్టోబర్ 4, శనివారం

అమ్మాయికి కత్తి మొదలైంది. కొత్త పద్ధతిలో. కండక్టర్ భుజం పట్టుకుని కూర్చున్నాడు. మీ అమ్మాయి ముందు నా చెక్క కత్తి రెండు క్షణాలు నిలవడం లేదు తాతగారూ, బస్సులో చిల్లర అడిగేవాళ్లే నయం అన్నాడు. ఆమె నవ్వింది. ఇంటికొచ్చిన తర్వాత మొదటిసారి విన్నాను ఆ నవ్వు.

స్తంభం దగ్గర స్కేలు మళ్లీ కనపడ్డాడు.

అక్టోబర్ 21, మంగళవారం

ఇంట్లో ఒక వింత అలవాటైంది. నేను అరచేతులు బయటకు పెట్టడం లేదు. కూర్చున్నా నిలబడ్డా చేతులు మడిచో, జేబులోనో. ముందు గదిలో కిటికీ దగ్గరైతే మరీ. అమ్మాయికి గ్లాసు అందించేటప్పుడు కూడా బోర్లించిన చేత్తోనే. పిచ్చి ముదిరిందని నాకే తెలుస్తోంది. కానీ ఆ మనిషికి మా ఇంటి నుంచి కావలసింది అదొక్కటే. అది దొరికేదాకా నిలబడతాడు. దొరక్కపోతే రేపు కూడా నిలబడతాడు.

నవంబర్ 8, శనివారం

అన్నాల దగ్గర అమ్మాయి అడిగింది. మనం ఎన్నాళ్లు చేతులు దాచుకుని తిరుగుతాం నాన్నా అని. అతను అలసిపోయేదాకా అన్నాను. అతను అలసిపోడు నాన్నా, నేను అలసిపోయాను అంది. కోపం లేదు గొంతులో. భయం కూడా లేదు. కంచం కడిగి, కొళాయి గట్టిగా తిప్పి కట్టేసింది. వాషరు నేను ఇంకా మార్చలేదు.

మరి రేపు మాస్టరమ్మని, కండక్టర్‌ని తీసుకుని స్టేషన్‌కి వెళ్దాం అన్నాను. చూద్దాం అంది.

నవంబర్ 9, ఆదివారం, ఉదయం ఏడు

కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. అతను స్తంభం దగ్గర ఉన్నాడు. అమ్మాయి ఇప్పుడే గేటు తీసుకుని బయటకు వెళ్లింది. పాలకనుకున్నాను. చేతిలో గిన్నె లేదు.

వీధి మధ్యలో ఆగింది. కాళ్లు కొంచెం ఎడంగా. రెండు చేతులూ ముందుకు చాచి అరచేతులు చూపించింది.

వణకడం లేదు. చేతులు చూసి మనిషిని చెప్పేవాణ్ణి, ఆ చేతులు అసలు వణకడం లేదు.

తీసుకున్న కత్తి తిరిగి ఇవ్వడం మాస్టరమ్మ ఆమెకు నేర్పలేదు.

అతను కదిలాడు. నేను